రిజిస్టరులో లేని విశ్వాసులు

శతాబ్ది సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, మిషను బంగళాలు, పాఠశాలలు, ఆసుపత్రుల సంగతి నాకంటె బాగా తెలిసిన పెద్దలు వ్రాస్తారు గదా అనుకున్నాను. అందుచేత ప్రియ సంఘస్థులు మన్నిస్తే, మన పుస్తకాలకెక్కని వారిని గురించి కొంత వ్రాస్తాను. ప్రభువును నమ్మి సంఘములో చేరనివారు, సంఘమును విడిచినా ప్రభువును విడువనివారు మన గోదావరి, కృష్ణా ప్రాంతాలలో తక్కువమంది కారు. సంఘము ఇచ్చే జీతముతో బ్రతికే నేను వారి పక్షమున వ్రాయడము కొంచెము విచిత్రమే.

అసలు మన కోనసీమకు సువార్త వచ్చిన దారులలో ఒక ముఖ్యమైన దారి అటువంటివారు వేసినదే. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ పట్టణము నుండి ఇద్దరు యువకులు భార్యలతో సహా మన దేశానికి వచ్చారు. విలియం బౌడెన్ రాళ్ళు చెక్కే మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టే పనివాడు. తోలు ముట్టిన చేతిని దూరముగా ఉంచే దేశానికి దేవుడు చెప్పులు కుట్టేవానిని బోధకునిగా పంపిన సంగతి మన ఉపన్యాసకులు అంతగా చెప్పరు. వీరిద్దరూ బ్రదరన్ సహవాసమునకు చెందినవారు. అభిషేకము పొందిన గురువు లేకుండానే విశ్వాసులు కూడి రొట్టె విరువవచ్చునని వారి నమ్మకము. ఏ మిషను సొసైటీ నుండీ వారికి నెల జీతము లేదు. బందరులో మొదలుపెట్టి, తరువాత నర్సాపురము, పాలకొల్లులలో స్థిరపడ్డారు. వశిష్ఠకు ఆ ఒడ్డున నర్సాపురము, ఈ ఒడ్డున మన సఖినేటిపల్లి. రేవు దాటితే కోనసీమే. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరములో ఆనకట్ట పని జరిగినప్పుడు బౌడెన్ అక్కడి కూలీల మధ్య వాక్యము చెప్పాడు. కూలి కోసము వెళ్ళినవారు కొందరు వాక్యము కూడా మూటగట్టుకొని పేటలకు తిరిగి వచ్చారు.

గురువులు వద్దు, సొసైటీ వద్దు అన్నవారి పనికి కాలక్రమేణా ‘గోదావరి డెల్టా మిషన్’ అని పేరు వచ్చింది. బళ్ళు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి, స్థలాలు వచ్చాయి. స్థలాలు వచ్చాక దస్తావేజులు రాక తప్పుతుందా? నేను దీనిని ఎగతాళిగా అనడము లేదు. రోగి వచ్చి వాకిట పడుకున్నప్పుడు మందు ఇవ్వాలి, మందు పెట్టడానికి బీరువా ఉండాలి, బీరువాకు తాళము చెవి ఎవరో ఒకరి దగ్గర ఉండాలి. వ్యవస్థ చాలాసార్లు అట్లాగే పుడుతుంది.

తరువాతి శతాబ్దములో ఒక్క పది సంవత్సరాల కాలము గమనింపదగినది. 1938లో రాజమండ్రిలో లూథరన్ సంఘపు బోధకులుగా ఉన్న ముంగమూరి దేవదాసు అయ్యగారు తమకు కలిగిన దర్శనమును బట్టి బైబిలు మిషనును ఆరంభించి, పాత సంఘమునకు వెలుపల నిలిచారు. ఆయన కీర్తనలను మాత్రము ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అన్ని సంఘాలవారమూ పాడుకుంటూనే ఉన్నాము. మనిషి వెళ్ళినా పాటను ఎవరూ వెళ్ళనియ్యలేదు. 1941లో, సిక్కు కుటుంబములో పుట్టిన భక్త్ సింగ్ గారు మద్రాసులో డినామినేషన్లకు బయట సహవాసము స్థాపించారు. 1950లో హైదరాబాదు హెబ్రోను వచ్చింది. ఇటువైపు చూస్తే, 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా సంభాషణల ఫలితముగా 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. దానికొరకు అంతగా ప్రయాసపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించి, ఆ దినము చూడలేకపోయారు. ఒకే కాలములో కొందరు చిన్న ఇండ్లను కలిపి పెద్ద ఇల్లు కడుతున్నారు, కొందరు ఇల్లే వద్దని చెట్టు క్రిందికి వెళ్తున్నారు.

వీరందరికంటె దూరము వెళ్ళినవారు కలగర సుబ్బారావు గారు. ఆయన 1912లో పుట్టారు. మునిపల్లె నివాసి. మతమంటే గిట్టని మనిషి. 1942లో జబ్బుపడి ఉన్నప్పుడు క్రీస్తు దర్శనము కలిగిందని ఆయన సాక్ష్యము. అప్పటినుండి రోగుల కొరకు ప్రార్థించడము, తెలుగులో పాటలు కట్టడము, వచ్చినవారికి క్రీస్తును గురించి చెప్పడము ఆయన పని అయింది. కాని బాప్తిస్మము తీసుకోలేదు, ఏ సంఘములోనూ చేరలేదు. చేరకపోవడమే గాక పాదిరులను గట్టిగా మందలించారు. ‘రిట్రీట్, పాద్రీ’ అనే పేరుతోనే ఆయన పుస్తకము ఒకటి ఉన్నది. క్రీస్తును మీరు మతములో బంధించారు, మీరు వెనుకకు తగ్గితే ఆయన జనులకు కనిపిస్తాడు అన్నది ఆయన వాదపు సారాంశము. ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది సవర్ణ హిందువులు.

బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో సంఘచరిత్ర బోధించిన డెన్మార్కు దేశస్థుడు కాయ్ బాగో 1968లో సుబ్బారావు గారి ఉద్యమముపై చిన్న పుస్తకము వ్రాశాడు. వేదాంత విద్యార్థిగా దానిని చదివినప్పుడు నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. డేనులకు ఈ వాదము కొత్తది కాదు. వారి దేశములోనే కీర్కెగార్డు అనే తత్త్వవేత్త ప్రభుత్వ సంఘమును విమర్శిస్తూ చివరి సంవత్సరాలు గడిపి, 1855లో మరణశయ్యపై పాదిరి చేతి సంస్కారమును నిరాకరించాడు. ఆ వయసులో నాకు వీరే నిజమైన విశ్వాసులని, మేమంతా ఉద్యోగస్థులమని తోచింది.

తరువాత పాస్టరేటులకు వచ్చి పేటలలో తిరిగాక ఆ తలంపు కొంత మారింది. సుబ్బారావు గారి చిత్తశుద్ధిని నేను శంకించను. అయితే మతవ్యవస్థను వద్దనగలవాడు ఎవడు? దానిని వదిలినా ఊరిలో నిలబడగలవాడు. కులము, కుటుంబము, గౌరవము వెనుక ఉన్నవానికి సంఘము అదనపు బరువుగా కనబడవచ్చు. మన తాతలకు అట్లా కాదు. రచ్చబండ దగ్గర కూర్చోనియ్యని మనిషికి మొదటిసారి చాపమీద సమానముగా కూర్చునే చోటు దొరికింది సంఘములోనే. పిల్లవానికి పలక, పెండ్లికి రిజిస్టరు, శవమునకు ఆరడుగుల నేల ఇచ్చినది కూడా సంఘమే. బాప్తిస్మపు పుస్తకములో పేరెక్కడము వారికి బంధనము కాలేదు. తమ పేరు ఒకరు గౌరవముగా వ్రాయడము వారు చూసినది అక్కడే.

స్వాతంత్ర్యము తరువాత ఆ పుస్తకమే మరొక చిక్కు తెచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రములో మతము మారిన వారిని బి.సి.–సి గ్రూపులో చేర్చి ఒక శాతము రిజర్వేషను ఇచ్చారు. దానితో మన పేటలలో వేలమంది ఇంటిలో ఒక మనిషి, మండల ఆఫీసులో ఒక మనిషి అయ్యారు. వారిని వేషధారులనడము తేలిక. బిడ్డ ఫీజు కట్టవలసిన తండ్రి ముందు నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ఇక నా సంగతి. నేను మొదట పనిచేసిన చోటు రాజోలు వైపు ఒక లంక గ్రామము. ఏ సంఘమో, ఎవరో చెప్పను. అక్కడ కొబ్బరి దింపు చేసే ముసలాయన ఒకరు ఉండేవారు. ఆయన తండ్రి బాప్తిస్మము పొందినవాడు. ఈయన మాత్రము ఎప్పుడో పెద్దలతో మాటపట్టింపు వచ్చి గుడికి రావడము మానుకున్నారు. సాయంత్రము అరుగుమీద దీపము పెట్టుకొని వాక్యము చదివేవారు. కీర్తన ఎత్తుకుంటే కాలువ అవతలికి వినబడేది. నేను వెళ్తే లేచి కుర్చీ వేసి, “అయ్యగారూ, మీరు మా ఇంటికి రండి. నన్ను మాత్రం మీ గుడికి రమ్మనకండి” అనేవారు.

ఒక శ్రావణమాసపు వర్షములో ఆయన పోయారు. సమాధుల దొడ్డిలో చోటు కొరకు కొడుకు వచ్చాడు. కమిటీవారు పుస్తకము తీసి చూస్తే పద్దెనిమిది సంవత్సరాలుగా చందా లేదు. “అసలు సర్టిఫికెట్టులో హిందువు అని ఉంది గదా” అని ఒకరు అన్నారు. అక్కడ కూర్చున్న వారిలో సగముమంది సర్టిఫికెట్టులు అటువంటివేనని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొత్తగా వచ్చినవాడను, కమిటీతో తగవు ఎందుకని, “పెద్దలు ఎట్లా నిర్ణయిస్తే అట్లా” అన్నాను. కాలువగట్టు ప్రక్కన కొడుకు కౌలుకు చేసే దొడ్డిలో ఆయనను పెట్టారు. నేను వెళ్ళి ప్రార్థన చేశాను. గౌను వేసుకోలేదు.

క్రిందటి నెలలో ఆయన కోడలు నన్ను వెదుక్కుంటూ వచ్చింది. ఆమె ఇప్పుడు ఒక సంఘములో సభ్యురాలు, స్త్రీల మైత్రిలో కోశాధికారిణి కూడా. ఈ సంచిక ఖర్చుకని ఐదువందల రూపాయలు కవరులో పెట్టి ఇచ్చి, “పాత విశ్వాసుల పేర్లు వేస్తున్నారంట గదండీ అయ్యగారూ, మా మామగారి పేరు కూడా వెయ్యచ్చాండీ?” అని అడిగింది. రశీదు వ్రాసి ఇచ్చాను. పేరు ఒక కాగితము మీద వ్రాసి సంపాదక వర్గము వారికి అందజేశాను. చందా సంగతి ఎవరైనా అడిగితే ఈసారి జవాబు నేను చెప్తానని కూడా వారితో అన్నాను.