ఫోను అవతల ఒక మనిషి

1935లో ఇంగ్లండులో చాడ్ వారా అనే యువ మతాచార్యుడు ఓ బాలిక అంత్యక్రియలు జరిపించారు. తొలి ఋతుస్రావాన్ని సుఖవ్యాధిగా భ్రమించి, భయంతో ప్రాణం తీసుకున్న పిల్ల ఆమె. అడిగి తెలుసుకునేందుకు ఎవరూ లేకపోయారు!

1953 నవంబరు 2న ఆయన లండన్ చర్చిలో టెలిఫోను సేవ ప్రారంభించారు. నేరుగా వచ్చేవారూ పెరిగారు. వేచి ఉన్నవారికి టీ ఇచ్చి, వారు చెప్పింది వినేందుకు స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చునేవారు. చిత్రమేమిటంటే, చాలామంది వారాను కలవకుండానే గుండె బరువు దించుకుని వెళ్ళిపోయేవారు. అంటే మందు ఆయన సలహాలో కాదు, ఆ వినడంలోనే ఉందన్నమాట. 1954లో ఆయన ఫోనును కార్యకర్తలకే అప్పగించారు.

మన దేశంలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో మద్రాసులో ‘స్నేహ’ను స్థాపించారు. ఇలాంటి కేంద్రాల్లో శిక్షణ పొందినవారు “చనిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ.

ఉక్కు పనికోసం తెలుగువారు ఏనాడో జంషెడ్‌పూర్ చేరారు. ఆ ఊళ్ళోనూ ‘జీవన్’ అనే కేంద్రం వెలసింది. కానీ భాలుబాసాలో అర్ధరాత్రి కుమిలిపోయే తెలుగు మనిషి హిందీలో ఎంతని చెప్పుకోగలడు? దుఃఖానికి సొంత భాష కావాలి కదా! 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ ‘టెలీ మానస్’ మాట్లాడే ఇరవై భాషల్లో తెలుగూ ఉంది. ఎక్కడినుంచైనా, ఏ వేళనైనా మీరు 14416కు చేయవచ్చు, డబ్బు పడదు.