చిట్టెపు గుట్టలు: పిట్సుబర్గు నగర భూశుద్ధి

ఇనుపరాతిని కరఁగించునపుడు లోహమునుండి విడివడి పైకిఁ దేలెడి మలమునకు సంస్కృతమునఁ గిట్టమనియు మండూరమనియుఁ బేళ్లు. అమరసింహుఁడు మండూరశబ్దమును వైశ్యవర్గమునఁ బఠించెను. తెలుఁగున దీనినే చిట్టెమందురు. రసశాస్త్రజ్ఞులు దీని నౌషధముగా గ్రహించుచు నొక వయోనియమమును జెప్పిరి. నూఱేండ్లకు మించినది యుత్తమము, ఎనుబదియేండ్లది మధ్యమము, అఱువదియేండ్లది యధమము, అంతకుఁ దక్కువది విషతుల్యము. ఈ నియమము వైద్యమునకుఁ జెప్పఁబడినదే కాని భూమికిఁ జెప్పఁబడినది కాదు. అయినను గ్రొత్త చిట్టెమును నమ్మరాదను నెఱుక పూర్వులకుఁ గలదనుట కిది చాలును.

తెలుఁగునాట నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున మూసలలో నుక్కు వండెడివారు. దానికై పారసీక వర్తకు లచ్చటికి వచ్చెడివారు. హెన్రీ వాయిసీ యను నాంగ్లేయుఁ డా పనిని గుఱించి వ్రాసిన వృత్తాంతము 1832లో నచ్చుపడెను. ఉత్తర తెలంగాణమునఁ బూర్వపుఁ గొలుముల చెంతఁ జిట్టెపు దిబ్బలు నేఁటికిని గానవచ్చును. అవి యూరిచెంత దిబ్బలే కాని యూరి నావరించిన కొండలు కావు. చిట్టెము కొండలైన చరిత్రమునకు అమెరికాలోని పిట్సుబర్గు నగరమును జూడవలయును.

అలిగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో యను పేరఁ బ్రవహించు సంగమస్థానమున, పెన్సిల్వేనియా రాష్ట్రమున, నీ నగరము కలదు. 1875లో ఆండ్రూ కార్నెగీ యొక్క ఎడ్గర్ థామ్సన్ కర్మాగారము బ్రాడక్కున నారంభింపఁబడెను. పిమ్మట మొనాంగహీలా యొడ్డున మైళ్లకొలఁది యూఁదుకొలుములును మిల్లులును వెలసెను. 1892 జూలైలో హోంస్టెడ్డు కర్మాగారమునఁ గార్మికులకును యజమానులు రప్పించిన పింకర్టను భటులకును జరిగిన పోరు ప్రసిద్ధము. ఇనుము తీసినకొలఁదిఁ జిట్టెమును బెరుగును. దానిని బోయుటకుఁ జోటు కావలసెను.

నగరమునకుఁ దూర్పున నైన్ మైల్ రన్ అను చిన్న యేఱు మొనాంగహీలాలోఁ గలియును. ఉద్యానశిల్పియగు ఫ్రెడరిక్ లా ఆల్మ్‌స్టెడ్ జూనియర్ 1910లో నగరమునకు సమర్పించిన నివేదికలో నీ లోయను విహారోద్యానముగాఁ జేయుట యుచితమని సూచించెను. ఆ సూచన కాగితముననే నిలిచెను. 1922లో నొక చిట్టెపు కంపెనీ యచ్చటి నేలను గొని, 1972 వఱకు, అనఁగా నేఁబదియేండ్లు, మిల్లుల చిట్టెమును దెచ్చి పోసెను. గుట్ట సుమారు 120 అడుగు లెత్తు లేచెను. చిట్టెములో మిగిలిన సున్నము వాననీటఁ గరఁగి తీవ్రక్షారమై యేటిలోనికి నూరుచుండెను. నీరు పాఱిన త్రోవయందుఁ దెల్లని పెచ్చు గట్టుచుండెను. గుట్టపై మన్ను లేదు. మొక్కకుఁ బట్టు దొరకుట కష్టము. రసశాస్త్రపు లెక్కను బరిహాసమునకైనఁ బట్టినచోఁ గడపటి బండి దింపిన చిట్టెమునకు 2032వఱకు నఱువదియేండ్లు నిండవు.

ఇట్టి గుట్ట యిదొక్కటియే కాదు. వెస్టు మిఫ్లిను నందలి చిట్టెపు దిబ్బమీఁద 1979లో సెంచురీ త్రీ యను పెద్ద యంగడి సముదాయము తెఱవఁబడి 2019లో మూతపడెను.

1980 నాఁటికి ఉక్కు వ్యాపారము క్షీణించెను. ఆ దశాబ్దమునఁ బిట్సుబర్గు మండలమున లక్షకు మించిన కర్మాగారోద్యోగములు పోయెను. హోంస్టెడ్డు 1986లో మూతపడెను. నదీతీరమంతయు బీడై, కొనువాఁడు లేక పడియుండెను. కొనకుండుటకు హేతువు కలదు. 1980 డిసెంబరులో సంయుక్తరాష్ట్రములు చేసిన, సూపర్‌ఫండు అను వాడుకపేరు గల శాసనము, నేలలోని విషమునకు దానిని బోసినవానినే గాక ప్రస్తుత స్వామిని గూడ బాధ్యునిఁ జేసెను. అపరాధిని విడువరాదను నుద్దేశము మంచిదే. కాని తాను చేయని పాపమునకు ధనమిచ్చుట కెవఁడు ముందుకు వచ్చును?

పెన్సిల్వేనియా రాష్ట్రము 1995లో వేఱొక శాసనమును జేసెను. దీనియందు శుద్ధికి మూఁడు ప్రమాణములు చెప్పఁబడినవి. నేల పూర్వపు సహజస్థితికి వచ్చుట మొదటిది. రాష్ట్రమంతటికిని నిర్ణయించిన యారోగ్యపరిమితులకు లోఁబడుట రెండవది. ఆయా స్థలమును బట్టి, దాని రాఁబోవు నుపయోగమును బట్టి, అపాయమును లెక్కగట్టి నిర్ణయించుకొనుట మూఁడవది. విచారింపవలసిన దీ మూఁడవదియే. ఇందు విషమును దీసివేయుట యావశ్యకము కాదు. విషమునకును మనుష్యునకును నడుమ నున్న మార్గమును ద్రెంచినఁ జాలును. మన్నుపఱచి కప్పవచ్చును, రాతిబాట వేయవచ్చును, భూగర్భజలము త్రాగరాదని నిషేధింపవచ్చును. మనుస్మృతియందు భూశుద్ధికిఁ జెప్పిన యైదుపాయములలో నుల్లేఖనము, అనఁగా గీఁకి తీయుట, ఒకటి. ఉపాంజనము, అనఁగాఁ బూయుట, మఱియొకటి. పిట్సుబర్గువా రుల్లేఖనమును గొంచెముగాను నుపాంజనమును విస్తారముగాను బాటించిరి. ఉల్లేఖనమునకు వ్యయ మధికము. తీసిన మన్నును మఱియొకచోటఁ బోయక తప్పదు.

శుద్ధశబ్దము పిత్రాదిశబ్దములవలె సాపేక్షమని యిందువలనఁ దేలుచున్నది. తండ్రియనఁగా నెవ్వరికిఁ దండ్రియను నాకాంక్ష కలిగినట్లే, శుద్ధమైన నేల యనఁగా దేనికి శుద్ధమని యడుగవలసియున్నది. బండ్లు నిలుపుటకు శుద్ధమైనది పసిబిడ్డ మన్నాడుటకు శుద్ధము కాకపోవచ్చును. కాఁబట్టి శుద్ధికిఁ బూర్వము నిర్ణయింపవలసినది యుపయోగము. ఆ యుపయోగమును నిర్ణయించినవా రెవ్వరు?

నైన్ మైల్ రన్‌నందుఁ జర్చ కొంత జరిగెను. నగర పునరభివృద్ధి సంస్థ 1995లో 238 ఎకరములు కొనెను. గుట్టను జదునుచేసి, మన్ను పఱచి, యిండ్లు కట్టవలెననియు, ఏటిని గొట్టములోఁ బూడ్చివేయవలెననియుఁ దొలుతఁ దలఁచిరి. కార్నెగీ మెలను విశ్వవిద్యాలయమునకుఁ జెందిన కళాకారులు 1997 మొదలు పౌరులను సమావేశపఱచి యేఱు బయటనే పాఱవలెనని వాదించిరి. వారి వాదము నెగ్గెను. సైన్యపు ఇంజనీర్ల శాఖ యేటిని బాగుచేయుట 2006లో ముగిసెను. గుట్టపై సమ్మర్‌సెట్టు అను నివాసపేట వెలసెను. చిట్టెము మాత్రము తరలిపోలేదు, ఇండ్లక్రింద నున్నది.

తక్కినచోట్ల నింతటి చర్చ కానరాదు. నగరసంస్థ 1983లో గొన్న రెండవ వీథి మిల్లు స్థలమున, 48 ఎకరములలో, సైనైడు సమ్మేళనములు బయల్పడఁగాఁ బని జాగయ్యెను. పిదప నచ్చట శాస్త్రపరిశోధనాలయములు లేచెను. హోంస్టెడ్డు మిల్లు స్థలము 1999లో నంగళ్లకును సినిమాశాలకును నిలయమయ్యెను. పండ్రెండు పొగగొట్టములు మాత్రము జ్ఞాపకార్థము నిలుపఁబడినవి. మిల్లులలోఁ జిరకాలము కూలిచేసిన కుటుంబములకుఁ బరిశోధనాలయములం దుద్యోగము లేదు. అంగడిలోని వేతనము ఉక్కుకూలికి సాటిరాదు. నేల శుద్ధమయ్యెనన్న మాట నిజమే. వారి కొఱకు శుద్ధమయ్యెననుట మాత్రము పొసఁగదు.

హేజెల్‌వుడ్డు పేటలోఁ గోకు కర్మాగారము 1998లో మూతపడెను. 178 ఎకరముల యా నేలను 2002లో ధర్మసంస్థలు కొని, లాభమునకుఁ ద్వరపడక, చిరకాల మాగినవి. 2019లో పందొమ్మిదవ మిల్లు యొక్క యినుపకంకాళము నట్లే నిలిపి దానిలోపల యంత్రమానవ పరిశోధనాలయము తెఱవఁబడెను. పైకప్పున సూర్యశక్తి ఫలకములు పఱచిరి. చుట్టునున్న పేట మిల్లు పోయినపిదప జనక్షీణమై యున్నది. ఆ పేటవారికి నూతన కట్టడములవలనఁ గలుగు మే లెంత యను వివాద మింకను సమసిపోలేదు.

కప్పిన విషమును గప్పియే యుంచుటకు 2007లో రాష్ట్రమింకొక శాసనమును జేసెను. దానిచే, త్రవ్వరాదు, బావి తీయరాదు మొదలగు నిషేధములు భూమిపత్రముననే నమోదై, స్వాములు మాఱినను నేలతోడనే సాగును. ఆ పత్రములను జదివినవానికిఁ బచ్చికక్రింద నేమున్నదో తెలియును. బ్రాడక్కులోని ఎడ్గర్ థామ్సన్ కర్మాగారము మూతపడలేదు. అందు నేఁటికిని నినుము కరఁగుచున్నది, చిట్టెము దిగుచున్నది.