కాంక్రీటులో చెత్త బూడిద

చెత్తను కాల్చగా మిగిలిన బూడిదను సిమెంటుకో ఇసుకకో బదులుగా కాంక్రీటులో కలిపే పద్ధతి ఇది. దీని వెనకున్న సూత్రం కర్నూలు జిల్లా పడమటి సీమకు కొత్తేమీ కాదు. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు ఎల్లెల్సీ (దిగువ కాలువ) ద్వారా నీళ్లిచ్చే తుంగభద్ర ఆనకట్టను (1945–53) రాతితో, సున్నం–సుర్ఖీ గచ్చుతో కట్టారు. సుర్ఖీ అంటే కాల్చిన మట్టి పొడి. అందులోని సిలికా సున్నంతో కలిసి నీళ్లలో కూడా గట్టిపడుతుంది. సిమెంటు తడిసినప్పుడు వెలువడే సున్నంతో బొగ్గు బూడిద చేసే పనీ అదే. కాకపోతే నిదానంగా చేస్తుంది. అందుకే బూడిద కలిపిన కాంక్రీటును ఎక్కువ రోజులు తడపాలి.

బొగ్గు బూడిద కాంక్రీటుపై అమెరికాలో ఆర్.ఇ. డేవిస్ బృందం 1937లో పరిశోధన వెలువరించింది. మన దేశంలో థర్మల్ కేంద్రాల బూడిద వాడకాన్ని 1999 నాటి కేంద్ర ఉత్తర్వు తప్పనిసరి చేసింది. ఆదోనికి దగ్గర్లోని రాయచూరు కేంద్రం 1985 నుంచి బొగ్గు కాలుస్తోంది. ఇళ్లకు కొనే పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంటు) బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉండొచ్చు.

చెత్త బూడిద కథ ఇంత సాఫీగా సాగలేదు. చెత్త కాల్చే కొలిమి ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1874లోనే వెలిసింది. ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో పెట్టిన ప్లాంటు, చెత్తలో మండే సరుకు చాలక కొద్ది రోజులకే మూతపడింది. తెలుగునాట 2003లో షాద్‌నగర్ దగ్గరి ఎలికట్టలోనూ విజయవాడలోనూ, 2020లో హైదరాబాద్ జవహర్‌నగర్‌లోనూ చెత్త కరెంటు ప్లాంట్లు వచ్చాయి. ఆ తర్వాత గుంటూరు, విశాఖల వంతు వచ్చింది.

కొలిమి అడుగున మిగిలే బూడిదలో గాజు, పెంకులు, ఇనుముతో పాటు అల్యూమినియం ముక్కలుంటాయి. తడి సిమెంటు తగిలితే అల్యూమినియం హైడ్రోజన్ వదులుతుంది. పచ్చి కాంక్రీటు పులిసిన పిండిలా ఉబ్బి పగుళ్లిస్తుంది. అందుకే లోహాలు ఏరేసి, బూడిదను కొన్ని వారాలు ఆరుబయట మాగబెడతారు. పొగలోంచి పట్టే సన్న బూడిద మరీ ప్రమాదకరం. అందులో సీసం, కాడ్మియం, డయాక్సిన్లు ఉంటాయి, క్లోరైడ్లు ఇనుప చువ్వల్ని తినేస్తాయి. దాన్ని శుద్ధి చేయకుండా ఇళ్లలోకి రానివ్వకూడదు.

తడి, పొడి చెత్త వేరు చేయని ఊళ్లలో బూడిద ఒక్కో లోడు ఒక్కో తీరుగా ఉంటుంది. పరీక్షించి శుద్ధి చేసిన అడుగు బూడిదకు తగిన చోటు రోడ్డు అడుగు పొర, పేవర్ దిమ్మెలు. స్లాబులు, దూలాలు కావు.