హార్డ్ డిస్క్ డాకింగ్ స్టేషన్

కంప్యూటర్ లోపల బిగించే సాటా డిస్కును నిలువుగా గాడిలో దించి, యూఎస్‌బీ ద్వారా వాడుకునేందుకు వీలిచ్చే బయటి పరికరం. 3.5 అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి కాబట్టి విడిగా అడాప్టరు ఉంటుంది.

నాణ్యత తేల్చేది ముఖ్యంగా సాటాను యూఎస్‌బీగా మార్చే లోపలి బ్రిడ్జి చిప్. పాత చిప్‌లు 2 టెరాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా గుర్తించవు. కొన్ని చిప్‌లు 512 బైట్ల సెక్టారును 4096 బైట్లుగా చూపుతాయి; అలాంటి డాక్‌లో ఫార్మాట్ చేసిన డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే డేటా ఉన్నా ఖాళీగా కనిపించి కంగారు పెడుతుంది. డిస్కు ఆరోగ్యం తెలిపే స్మార్ట్ వివరాలను దాచని చిప్ మేలు.

యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు. తిరిగే డిస్కుకు అది ధారాళం. రెండు గాడుల డాక్‌లు కొన్నింటికి కంప్యూటర్ లేకుండానే ఒక డిస్కును మరోదానిలోకి క్లోన్ (నకలు) చేసే బటన్ ఉంటుంది. రెండు డిస్కుల గాడులు తారుమారైతే అసలు డేటా చెరిగిపోతుంది. నొక్కేముందు రెండుసార్లు చూసుకోవాలి.