ఒక్క వాక్యపు వేషము

కళాశాలల వార్షికోత్సవములు సమీపించినప్పుడెల్ల ఒక ప్రశ్న పుట్టుచుండును. విద్యార్థులు ఒక మహానాటకమును ప్రదర్శింపదలచినపుడు ఆరితేరిన వృత్తినటులను తమతో కలుపుకొనవచ్చునా? కలుపుకొన్నచో ప్రేక్షకుల చూపంతయు వారిపైననే నిలిచి, పిల్లలు పగటి దివ్వెలవలె వెలవెలపోవుదురని కొందరి భయము. ఈ భయమునకు తగిన సమాధానము 1932వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి ఆక్సుఫర్డులో జరిగిన ఒక ప్రదర్శన చరిత్రయందు లభించును.

ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ నాటక సమాజము 1885లో వెలసినది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని ఆ సమాజమునకు నియమము. మన రంగస్థలముపై స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలను ధరించి ఆంధ్రలోకమును మురిపించుచున్న ఆ రోజులలో, అచ్చటి విద్యార్థులకు అట్టి వెసులుబాటు లేదు. అందువలన లండను నుండి వృత్తినటీమణులను ఆహ్వానించుట వారికి వాడుక అయ్యెను.

1932 ఫిబ్రవరిలో ఆ సమాజమువారు షేక్స్పియరు రచించిన 'రోమియో–జూలియట్' నాటకమును ఎన్నుకొనిరి. అప్పటి అధ్యక్షుడు జార్జి డివైన్ అను విద్యార్థి. అతడు ప్రయోక్తగా జాన్ గీల్‌గుడ్‌ను పిలిచెను. గీల్‌గుడ్ అప్పటికే పేరొందిన నటుడే కాని, వయస్సు 27 సంవత్సరములు మాత్రమే. ఒక నాటకమును స్వయముగా నడిపించిన అనుభవము ఆయనకు లేదు. పైగా 1924లో ఆయన ధరించిన రోమియో వేషము విమర్శకులను మెప్పింపలేకపోయినది. తనకు కొరుకుడు పడని పాత్రను మరియొకనికి నేర్పవలసిన పని ఆయనపై బడినది. పరీక్ష విద్యార్థులకే కాదు, గురువునకును ఎదురైనదన్నమాట.

జూలియట్‌గా పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్, ఆమె దాదిగా ఈడిత్ ఇవాన్స్ వచ్చిరి. రోమియో మాత్రము క్రిస్టఫర్ హాసల్ అను విద్యార్థియే. డివైన్ మెర్క్యూషియో పాత్రను ధరించెను. ఆహార్యమును 'మాట్లీ' అను పేరిట కలిసి పనిచేయు ముగ్గురు యువతులు సమకూర్చిరి. అనుభవజ్ఞులును అనభ్యస్తులును ఒకే అభ్యాసములలో నిలిచి, ఒకరి మాట నొకరు అందుకొనవలసి వచ్చినది. వాచికము ఎట్లుండవలెనో, ఇతరులు పలుకునపుడు రంగముపై ఎట్లు నిలువవలెనో చెప్పుటకు వేరుగ పాఠ్యపుస్తకము అక్కరలేకపోయినది.

ప్రదర్శన విజయవంతమైనది. చివరినాడు గీల్‌గుడ్ కృతజ్ఞతలు చెప్పుచు, ఇట్టి నాయికలు తనకు మరల తటస్థపడకుందురుగాక అను అర్థము వచ్చునట్లు తడబడి పలికి, సభను నవ్వించెనని చెప్పుదురు.

అయితే ఆ నాటకమున మరియొక నవ్వు కలదు. అది అంత సుఖమైనది కాదు. టెరెన్స్ రాటిగన్ అను విద్యార్థికి వాద్యకారుని వేషము దొరకినది. జూలియట్ మరణించినదని ఇల్లంతయు దుఃఖించు ఘట్టమున అతడు ఒక్క వాక్యము పలుకవలెను. పలికినంతనే ప్రేక్షకులు గొల్లున నవ్విరి. నొక్కు మార్చి పలికినను నవ్వు ఆగలేదు. గొప్ప నటుల నడుమ, విషాదము నిండిన వేళ, తన ఒక్క వాక్యమే నవ్వులపాలైన ఆ యువకుని మనస్సు ఎట్లుండునో మనము ఊహింపవచ్చును.

అతడు నటుడు కాలేదు, నాటకకర్త అయ్యెను. ఏ మాట ఎచ్చట పడిన ప్రేక్షకుడు నవ్వునో, ఎచ్చట మౌనము వహించునో ఎరిగిన రచయితగా 1936 నుండి లండను రంగస్థలముపై కీర్తి గడించెను. 1948లో వెలువడిన 'హార్లెక్వినేడ్' అను ప్రహసనమున ఒకే వాక్యము గల నటుని పాట్లను తానే వినోదముగ చిత్రించెను. నాటి అవమానము వృథా పోలేదు.

తక్కినవారికిని ఆ అనుభవము పెట్టుబడి అయినది. గీల్‌గుడ్ 1935లో అదే నాటకమును, ఆ ఇరువురు నటీమణులతోనే, మాట్లీ బృందపు ఆహార్యముతోనే లండనులో ప్రదర్శించెను. తానును లారెన్స్ ఒలివియరును రోమియో, మెర్క్యూషియో పాత్రలను మార్చుకొని ధరించిరి. ఆ నాటకము చాల మారులు ఆడినది. డివైన్ 1956లో రాయల్ కోర్టు నాటకశాలయందు ఆంగ్ల నాటక సంస్థకు సారథియై క్రొత్త రచయితలకు ద్వారములు తెరచెను. మన దేశమునకు సంబంధించిన చిత్రములలో కూడ వీరిలో ఇరువురు కనిపింతురు: 1982లో విడుదలైన 'గాంధీ'లో ఇర్విన్ ప్రభువు గీల్‌గుడ్, 1984 నాటి 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మిసెస్ మూర్ ఆష్‌క్రాఫ్ట్.

కావున వృత్తినటుని పిలుచుటలో దోషము లేదు. ఎందులకు పిలుచుచున్నామన్నదే ముఖ్యము. గోడపత్రికపై పేరు కొరకు పిలిచినచో ఆ పేరు మరునాటికి చిరిగిపోవును. అభ్యాసములో ప్రక్క నిలుచుటకు పిలిచినచో, ఒక్క వాక్యము పలికిన కుర్రవానికి సైతము జీవితకాలమునకు చాలినంత విద్య దక్కవచ్చును.