కృపను నమ్ముకున్న వాడలు: దళిత క్రైస్తవుల రోజువారీ విశ్వాసం, దానికి చెల్లిస్తున్న మూల్యం

మా అమ్మమ్మను వాడలో అందరూ కృపమ్మ అనే పిలిచేవారు. రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో మాత్రం ఆమె పేరు వేరు. ఆ రెండో పేరుతో ఎవరైనా పిలిస్తే వెంటనే పలికేది కాదు, వేరెవరినో పిలుస్తున్నారనుకునేది. రెండు పేర్లెందుకని అడిగితే, "ఒకటి దేవుడి ముందు, ఒకటి గవర్నమెంటు ముందు" అనేది. పరిశోధన కోసం కోస్తా జిల్లాల దళితవాడల్లో తిరుగుతున్నప్పుడు ఆ మాటనే చాలా ఇళ్లలో రకరకాలుగా విన్నాను. ఆ రెండు పేర్లు ఎలా వచ్చాయి? వాటి మధ్య బతికే మనిషికి విశ్వాసం రోజువారీగా ఏం ఇస్తోంది, ఏం పోగొడుతోంది? ఈ వ్యాసంలో వివరించబోయేది అదే.

దళిత క్రైస్తవుల గురించి రెండు తీర్పులు తేలిగ్గా వినిపిస్తుంటాయి. బియ్యం కోసం మతం మారారన్నది ఒకటి. ప్రార్థన జనాన్ని పోరాటానికి దూరం చేస్తుందన్నది రెండోది. ఈ రెండో మాట మన ఉద్యమాల్లోనూ ఉంది. చరిత్రను దగ్గరగా చూస్తే రెండూ నిలవవు.

కృప అంటే ఏమిటి?

క్రైస్తవ బోధలో కృప అంటే అర్హతతో పనిలేకుండా దొరికే దయ. చేసిన పుణ్యానికి అది ప్రతిఫలం కాదు. వంశం వల్ల వచ్చే వాటా కాదు. కూడబెట్టి పిల్లలకు రాసిచ్చే ఆస్తి కూడా కాదు. రోమా, గలతీ, ఎఫెసీ పత్రికల్లో ఈ భావన కేంద్రంగా ఉంటుంది. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ సంస్కరణకు దీన్నే పునాది చేసుకున్నాడు.

ఐరోపాలో ఆ చర్చ ఎక్కువగా పాపక్షమాపణ చుట్టూ తిరిగింది. తెలుగు పల్లెకు వచ్చేసరికి ఈ మాటకు ఎదురుగా నిలబడింది కర్మ సిద్ధాంతం. గత జన్మలో చేసుకున్నది అనుభవిస్తున్నావని తరతరాలుగా చెప్పిన ఊళ్లో, నీ పుట్టుక నీ విలువను తేల్చదని వినడం మామూలు విషయం కాదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో అది మొదట సామాజిక వార్తగానే చెవిన పడింది.

గుండ్లకమ్మ ఒడ్డు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చాడు. అక్కడి ఉద్యమాన్ని తరచూ ఆయన కథగా చెబుతారు. కానీ మొదట ఊరూరా తిరిగి మాట పరిచింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. వ్యాపారం కోసం నడిచిన దారుల్లోనే, తనవాళ్లున్న పల్లెల్లోనే ఆయన సువార్త చెప్పుకుంటూ పోయాడు.

ఒంగోలు మిషన్ బడిలో అగ్రవర్ణాల పిల్లలు చదువుతుండగా మాదిగలు చేరడానికి వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే తాము మానేస్తామని మిగతావాళ్లు హెచ్చరించారు. క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరిచారని, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమే కనిపించిందని మిషన్ చరిత్ర చెబుతుంది. వాళ్లు మాదిగలను నిలుపుకున్నారు. అగ్రవర్ణాల పిల్లలు వెళ్లిపోయారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువుకు ముందే సంఘంలో మూడు వేలమందికి పైగా ఉన్నారు. సాయం పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యం కోసం మారారనేవాళ్లు ఈ వరసను గమనించాలి.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు చూడటానికి చిన్నవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి లెక్కలో ఇవి చిన్నవి కావు. వెట్టి చేసే మనిషి వారానికో రోజు రానని చెప్పడం దొర పిలుపును కాదనడమే. జాతరలో డప్పు కొట్టననడం ఊరు అప్పగించిన కులవృత్తిని తిరస్కరించడమే. అందుకే వేధింపులు, వెలివేతలు వచ్చాయి.

ఇక్కడ ఒక నష్టాన్నీ ఒప్పుకోవాలి. మిషన్ డప్పును విగ్రహారాధనతో ముడిపెట్టి పక్కకు నెట్టింది. అదే ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో 1994 జూలై 7న మొదలైన మాదిగ దండోరా ఆ డప్పునే ఉద్యమ గొంతుగా మళ్లీ చేతికి తీసుకుంది. తాతలు దించిన డప్పును మనవలు భుజానికెత్తుకున్నారు. రెండు పనులూ ఆత్మగౌరవం కోసమే జరిగాయి.

ఇంట్లో, పొలంలో, కూడికలో

నిత్యజీవితంలో విశ్వాసం పెద్ద సిద్ధాంతంగా కనిపించదు, అలవాట్లలో కనిపిస్తుంది. మొదటిది పేరు. పెంటయ్య, పుల్లిగాడు అని ఊరు పిలిచిన చోట కృపానందం, దయామణి, సువార్త, ఏలియా వచ్చాయి. ఆ పేరు చివర "గాడు" తగిలించడానికి పిలిచేవాడు ఒక్క క్షణం ఆలోచించాలి.

రెండోది పలకరింపు. ఊళ్లో దణ్ణం కింది నుంచి పైకే పోతుంది. దొర తిరిగి పెట్టడు. సంఘంలో "వందనాలు" అనే మాట రెండువైపులా నడుస్తుంది. పాస్టరుగారికి కూలీ చెప్పే మాట, కూలీకి పాస్టరుగారు చెప్పే మాట ఒకటే.

మూడోది పిడికెడు బియ్యం. వండేముందు ఇల్లాలు ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తుంది. చాలా పల్లె సంఘాలను నిలబెట్టిన ఆదాయం ఇదే. ఎప్పుడూ చేయి చాపాల్సిన మనిషిగా ఊరు చూసినావిడ అక్కడ ఇచ్చే మనిషి అవుతుంది.

నాలుగోది సాక్ష్యం. సాయంత్రం గృహకూడికలో, పగలంతా మిరపకోతకు వెళ్లొచ్చిన ఆమె లేచి నిలబడి తన వారం చెబుతుంది. బిడ్డకు జ్వరం, తాగొచ్చిన భర్త, తీరని డ్వాక్రా అప్పు, అన్నీ చెబుతుంది. ఇరవైమంది మధ్యలో ఆపకుండా వింటారు. ఊరి రచ్చబండ ఆమెకు ఆ సమయం ఎప్పుడూ ఇవ్వలేదు. ఎవరైనా చనిపోతే ఆదరణ కూడికల పేరుతో వాడంతా ఆ ఇంటికి వచ్చి కూర్చుంటుంది.

ఈ అలవాట్లన్నిటి కింద ఒక మాట ఉంటుంది. ఎలా ఉన్నారని అడిగితే "దేవుడి కృపవల్ల బాగున్నాం" అంటారు. అప్పుల్లో ఉన్నవాళ్లూ అదే అంటారు. విన్నవాళ్లకు ఇది బాధను కప్పిపుచ్చుకోవడంలా అనిపించవచ్చు. దాని ముందు తరం మాటను గుర్తుచేసుకుంటే అసలు విషయం తెలుస్తుంది. అప్పట్లో జవాబు "దొరగారి దయ" అని ఉండేది. తినే ముద్దకు, కట్టే బట్టకు కృతజ్ఞత చెల్లించాల్సింది భూస్వామికే. "దేవుడి కృప" అనగానే ఆ బాకీ దొర ఖాతాలోంచి తీసేసినట్టే. కృప మీద ఆధారపడటం ఇక్కడ దొర మీద ఆధారపడకపోవడానికి మొదటి మెట్టు అయింది.

1985: రెండు నెలలు, రెండు ఘటనలు

ప్రార్థించే జనం పోరాడరన్న మాటకు కారంచేడు జవాబు చెబుతుంది. 1985 జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ల చెరువును మురికి చేస్తున్న కమ్మ యువకులను నిలదీశారు. కొట్టబోతే మున్నంగి సువార్త తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురిని చంపారు. మోషే, యెహోషువ, అబ్రహాము లాంటి పేర్లు హతుల జాబితాలో ఉన్నాయి. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం చుట్టూ పెరిగిన పోరాటంలోంచే దళిత మహాసభ వచ్చింది. ప్రార్థన చేసినవాళ్లే ధర్నా చేశారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపిన చుండూరులోనూ న్యాయం కోసం నిలబడినవాళ్లలో క్రైస్తవ కుటుంబాలున్నాయి.

అదే 1985 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు ఇచ్చింది. మద్రాసులో చెప్పులు కుట్టుకునే సూసై క్రైస్తవుడు. హిందూ ఆది ద్రావిడ చర్మకారులకు ప్రభుత్వం ఇచ్చిన ఉచిత బంకు ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కూడా కులం వల్ల అదే స్థాయి వైకల్యాలు కొనసాగుతున్నాయని ఆధారాలతో చూపాలని కోర్టు చెప్పి పిటిషన్ కొట్టేసింది. బైబిలు పేర్లున్నవాళ్లను కులం పేరుతో నరికి అప్పటికి రెండున్నర నెలలే అయింది.

చట్టం అడిగే మూల్యం

విద్యార్థులు, కార్యకర్తలు ఈ వరసను గుర్తుంచుకోవడం అవసరం.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా, కొద్దిపాటి మినహాయింపులతో, ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వారి సంతానం బీసీ-సీ గ్రూపులోకి వస్తారు. అక్కడి రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాల్లో పోటీకి వీలులేదు.

1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. మాదిగ కులం నుంచి క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టిన విద్యార్థి హిందూమతంలోకి వస్తే, ఆ కులం అతన్ని తమవాడిగా స్వీకరిస్తే, ఎస్సీ హోదా దక్కుతుందని తేల్చింది. అంటే తిరిగొచ్చినవాడి కోసం కులం అక్కడే కాచుకుని ఉంటుంది, కానీ బయట ఉన్నంతకాలం అది లేదని చట్టం అంటుంది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, మళ్లీ 2023లో, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానాలు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ ధ్రువపత్రాన్ని నిరాకరించింది. ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకుంది. విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది.

ఈ చివరి తీర్పు ప్రభావం ఉద్యోగాలకు పరిమితం కాదు. కులం పేరుతో తిట్టినా, కొట్టినా, నిందితుడి లాయరు ముందు అడిగేది బాధితుడు ఆదివారం ఎక్కడికి వెళ్తాడనే. కొట్టినవాడు మతం అడిగి కొట్టడు, కోర్టు మాత్రం అడుగుతుంది.

సంఘం తనను తాను అడగాల్సినవి

మూల్యమంతా ప్రభుత్వమే వసూలు చేస్తోందనలేం. కృప ముందు అందరూ సమానమని చెప్పే సంఘంలోనూ మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. మిషన్లు ప్రాంతాలను పంచుకున్న తీరు దీన్ని ఇంకా బిగించింది. బాప్టిస్టుల్లో మాదిగలు, లూథరన్లలో మాలలు ఎక్కువగా చేరారు. పెళ్లి సంబంధం దగ్గర, సంఘ పెద్దల ఎన్నిక దగ్గర కులం మళ్లీ లేస్తుంది. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసులు ఇంటిపేరు చివరి తోకను బాప్తిస్మం తర్వాత కూడా ఉంచుకుంటారు.

రెండోది, కృప బేరంగా మారడం. కానుక ఇస్తే ఉద్యోగం, దశమభాగం ఇస్తే వీసా అని చెప్పే బోధ కృపకు ధర కడుతుంది. ఇవ్వలేనివాడిది విశ్వాసలోపమని తేలుస్తుంది. కర్మ సిద్ధాంతం నీ తప్పేనన్న చోటికే ఇది కూడా మనిషిని తీసుకెళ్లి నిలబెడుతుంది.

మూడోది మౌనం. హక్కులు అడగడం లోక సంబంధమని చెప్పే పాస్టర్లున్నారు. మూడో పేరా మీద మాట్లాడని సంఘం తన సభ్యులను రెండు పేర్లతో బతకమని వదిలేస్తున్నట్టే. కృప ఉచితమే. హక్కు మాత్రం అడిగితే, పోరాడితే వచ్చేది. ఒకటి ఉందని రెండోది వదులుకోమనడం వాడ చరిత్రకే విరుద్ధం.

అమ్మమ్మ పోయాక సమాధి రాయి మీద కృపమ్మ అని చెక్కించాం, పైన సిలువ గుర్తుతో. మరణ ధ్రువపత్రంలో రెండో పేరుంది. ఆ రాయి ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టబోతే అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. మా అక్క కొడుక్కి ఆ ఏడాదే ఇంజనీరింగ్ సీటు కౌన్సెలింగ్. "సీటు వచ్చాక పెట్టుకో" అంది. సీటు వచ్చింది, తర్వాత స్కాలర్‌షిప్ రెన్యువల్ వచ్చింది. ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.