ఉపగ్రహ పాఠం నుంచి ట్యాబ్ దాకా: తరగతి గదిలో ఉపాధ్యాయుని స్థానం

1975 ఆగస్టు 1న ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాల ప్రసారం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌కు అవి తెలుగులో అందాయి. ఏడాదిపాటే సాగిన ఆ ప్రయోగంలో ఉపగ్రహం కన్నా గమనించదగినది, ప్రాథమిక ఉపాధ్యాయులకు కూడా అదే మాధ్యమంలో శిక్షణ ఇవ్వడం. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లింది. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు వచ్చాయి. ఊరుమ్మడి తెర మీది పాఠం ఒక్కొక్కరి అరచేతికి చేరింది. అయితే రికార్డయిన పాఠం చీపురుపల్లి పిల్లవాని ‘ఏటి?’ అన్న ప్రశ్నను వినదు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టిన ఉత్తరాంధ్ర ఇది. ఇక్కడ తెరను మధ్యలో ఆపి, పాఠాన్ని పిల్లల మాటలోకి తెచ్చేందుకు ఉపాధ్యాయునికి పీరియడ్‌లోనే వ్యవధి కేటాయించాలి.